వికటకవిని ఒప్పుకోని ప్రోగ్రాము

ప్రోగ్రామింగ్ నేర్చుకునే ప్రతివారికీ మొదటి నెలలోనే ఎదురయ్యే అభ్యాసం ఒకటుంది. ఒక మాట ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకేలా ఉందో లేదో చెప్పే ప్రోగ్రాము రాయాలి. పైథాన్‌లో అది రెండు మూడు వరుసల పని. ‘నటన’ ఇస్తే అవునంటుంది. ‘జలజ’, ‘సరస’ ఇచ్చినా అవునంటుంది. ఇలాంటి మాట అనగానే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది తెనాలి రామకృష్ణుడి బిరుదు. ‘వికటకవి’ అని ఇస్తే మాత్రం అదే ప్రోగ్రాము కాదంటుంది.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. తెలుగుకు ఇది పనికిరాదనుకుని, ఇంగ్లీషు మాటలతో అభ్యాసం ముగించి తర్వాతి పాఠానికి వెళ్లేవారు ఎక్కువమంది. అక్కడే ఆగి, ఎందుకు కాదంటోందని తవ్వేవారు కొద్దిమంది. కొత్తగా నేర్చుకునే మనిషి ప్రోగ్రామరుగా మారడం ఆ ఆగిన చోటే మొదలవుతుంది. పూర్తిచేసిన అభ్యాసాల సంఖ్య ఎంత పెరిగినా, పగిలిన ప్రోగ్రామును పట్టుకుని చివరిదాకా వెళ్లడం తెలియకపోతే ఆ సంఖ్యకు విలువ తక్కువ. ఈ మాట ఊరికే చెబితే నమ్మబుద్ధి కాదు. అందుకని ఈ వికటకవి ప్రోగ్రామునే పట్టుకుని, అది ఎంతదూరం తీసుకెళ్లగలదో చూడటం మేలు.

తవ్వితే బయటపడేది ఇది. మన కంటికి ‘వి’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది రెండు గుర్తులు: ‘వ’ ఒకటి, దాని నెత్తిన పెట్టే గుడి మరొకటి. ప్రపంచంలోని లిపులకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు కోసం 128 స్థానాల వరుస ఉంది. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ, పొల్లు, వేటి సంఖ్య వాటిదే. ఒత్తులకు విడి సంఖ్యలు లేవు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే తెర మీద ఒత్తుగా కనిపిస్తుంది. ఆ లెక్కన ‘వికటకవి’లో మనకు ఐదు అక్షరాలు, యంత్రానికి ఏడు గుర్తులు. తిరగేసినప్పుడు గుడి ముందుకొచ్చి, దాని హల్లు వెనక పడుతుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం పొడవు ఎంతని పైథాన్‌ను అడిగితే 6 అంటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైలులో భద్రపరిస్తే దానికి 18 బైట్లు పడతాయి. ‘నటన’లో అన్నీ తలకట్టు అక్షరాలే. తలకట్టుకు విడి సంఖ్య లేదు కనుక ఆ మాట తప్పించుకుంది.

ఈ చిన్న తవ్వకంలోనే రెండు విషయాలు చేతికొచ్చాయి. కంటికి కనిపించేదీ యంత్రం దాచుకునేదీ వేరువేరన్నది మొదటిది. రెండోది పరీక్షల గురించి. ‘నటన’, ‘జలజ’, ‘సరస’ అని మూడు మాటలు ఇచ్చి చూసినా జరిగిన పరీక్ష ఒక్కటే, ఎందుకంటే ఆ మూడూ ఒకే తరహా మాటలు. గుణింతం ఉన్నది, ఒత్తు ఉన్నది, సున్న ఉన్నది, ఖాళీది ఇలా రకానికొకటి ఇవ్వాలని పాఠ్యపుస్తకం చెబితే తలకెక్కదు. వికటకవి కాదన్నప్పుడు ఎక్కుతుంది.

పాఠాలు విని, వీడియోలు చూసి, అంతా అర్థమైందనిపించాక ఖాళీ ఫైలు తెరిస్తే చేతులు కదలకపోవడం దాదాపు అందరికీ ఎదురయ్యే స్థితి. దాన్ని తెలివితక్కువతనంగా తీసుకుని చదువు మానేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే దానికి తెలివితో సంబంధం లేదు. ఒకరు రాసినది గుర్తుపట్టడం వేరు, తన తలలోంచి తీసి రాయడం వేరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థుల చేత కొన్ని వచన భాగాలు చదివించి చూశారు. మళ్లీ మళ్లీ చదివినవారికి ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం గడిచాక మాత్రం, చదివింది మూసేసి గుర్తు తెచ్చుకుని రాసినవారే ముందున్నారు. పైగా తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా మళ్లీ మళ్లీ చదివినవారికే ఎక్కువగా ఉంది. వీడియో పాఠం ఇచ్చే ధీమా కూడా ఆ జాతిదే. చూసిన ప్రోగ్రామును వీడియో మూసేసి, మర్నాడు, ఏమీ చూడకుండా రాయడానికి ప్రయత్నిస్తే ఎంత తెలుసో, ఎంత తెలిసినట్టు అనిపించిందో వేరుపడుతుంది.

చిన్న అభ్యాసాలకు ఉన్న విలువను తగ్గించనక్కర్లేదు. లూపులు, షరతులు, జాబితాలు, ఫంక్షన్లు గుణింతాలు దిద్దినట్టు దిద్దాల్సిందే. వేళ్లకు అలవాటైతే తప్ప మనసు పెద్ద సమస్య మీద నిలవదు. కానీ దిద్దడంలోనూ తేడా ఉంది. బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద 1993లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఎరిక్సన్ బృందం ప్రచురించిన అధ్యయనం తర్వాత పదివేల గంటల సాధన అన్న మాట లోకంలో పాకింది. ఎరిక్సన్ స్వయంగా ఆ సూత్రీకరణను ఒప్పుకోలేదు. గంటలు లెక్కపెట్టడం కాక, ఇప్పటికి చేతకాని ఒక్క అంశాన్ని ఎంచుకుని, తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలిసేలా సాధన చేయడం గురించి ఆయన మాట్లాడారు. వచ్చిన లెక్కనే వందసార్లు చేస్తే వేగం పెరుగుతుంది, అంతే.

తిరిగి మన ప్రోగ్రాము దగ్గరికి వద్దాం. వికటకవిని అది ఒప్పుకోవాలంటే మాటను ముందు అక్షరాలుగా విడగొట్టాలి. గుర్తులను ఒక్కొక్కటిగా చదువుతూ, గుణింతపు గుర్తయితే ముందున్న హల్లుకు అంటించాలి. పొల్లు వస్తే తర్వాత వచ్చే హల్లును కూడా కలుపుకోవాలి. ఇరవై ముప్పై వరుసల్లో అయిపోతుంది. వికటకవి గెలుస్తుంది. చాలామంది ఇక్కడితో సంతోషించి ఫోల్డరు మూసేస్తారు. నిజానికి ఇప్పుడే మంచి పనిముట్టు ఒకటి చేతికొచ్చింది. అక్షరాలు విడగొట్టగలిగితే వాటిలో ఏది గురువో ఏది లఘువో చెప్పవచ్చు. అది చెప్పగలిగితే పద్యం ఏ ఛందస్సులో ఉందో చెప్పవచ్చు. ఛందస్సు లెక్కగట్టే ప్రోగ్రాములు ఇప్పటికే ఉన్నాయి. నేర్చుకోవడానికి అది అడ్డు కాదు. ఫలితాలు పోల్చి చూసుకోవడానికి ఉన్నవి పనికొస్తాయి.

గురులఘువుల నియమాలు బడిలో అందరూ చదివినవే. దీర్ఘం, ఐత్వం, ఔత్వం, సున్న, విసర్గ ఉన్నవి గురువులు. సంయుక్తానికి, ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు. మిగతావి లఘువులు. ‘సత్యము’లో ‘స’ గురువు, ‘త్య’, ‘ము’ లఘువులు, కనుక భగణం. కొత్తవారు రాసే మొదటి రూపంలో సర్వసాధారణంగా ‘త్య’నే గురువు చేస్తారు. ఎందుకంటే లూపు ప్రస్తుత అక్షరాన్ని చూస్తోంది. నియమం తర్వాతి అక్షరాన్ని చూడమంటోంది. ఒక అడుగు ముందుకు చూడటం ఎలాగో, చివరి అక్షరం దగ్గర ముందుకు చూస్తే ఏమవుతుందో ఇక్కడే తెలుస్తుంది. ప్రోగ్రాము అక్కడ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఆ ఎర్రర్ సందేశాన్ని చూసి కంగారుపడకుండా, కింది వరుస నుంచి పైకి చదవడం అలవాటైన రోజు నేర్చుకునేవారి జీవితంలో పెద్ద రోజు.

తర్వాత వచ్చే తప్పులు మరింత రసవత్తరమైనవి. పాత పద్యాల్లో ‘అతఁడు’ అని అరసున్నతో ఉంటుంది. అరసున్న అక్షరాన్ని గురువు చేయదు, కనుక అది మూడు లఘువుల నగణం. అదే ‘అతండు’ అని నిండుసున్నతో రాస్తే మధ్యలో గురువు వచ్చి జగణమవుతుంది. కవులు ఈ రెండు రూపాలనూ ఛందస్సు అవసరాన్నిబట్టి వాడుకున్నారు. రెండు సున్నలనూ ఒకే షరతు కింద పెట్టిన ప్రోగ్రాము ఆ తేడాను చెరిపేస్తుంది. ‘వచ్చెన్’లో చివరి ‘న్’ విడి అక్షరం కాదు, ముందున్న ‘చ్చె’తో కలిసి గురువవుతుంది, విడిగా లెక్కపెడితే పాదంలో ఒక అక్షరం ఎక్కువ వస్తుంది. ‘ప్రకృతి’లో వట్రసుడి గుణింతపు గుర్తే తప్ప ఒత్తు కాదు, కనుక ‘ప్ర’ లఘువే. ఎవరైనా ‘ప్రక్రుతి’ అని తప్పుగా టైపు చేస్తే ‘ప్ర’ గురువై గణం మారిపోతుంది. అంటే అక్షరదోషం ఛందోదోషంగా బయటపడుతోంది. ఈ గుణం ప్రోగ్రాములో ఎవరూ పనిగట్టుకుని పెట్టలేదు, నియమాలు సరిగా రాయడం వల్ల దానంతటదే వచ్చింది.

ఇక కంటికి కనిపించని తప్పులు. ‘సాఫ్ట్‌వేర్’ అని టైపు చేసేటప్పుడు ‘వే’ వెళ్లి ‘ట’ కింద ఒత్తుగా చేరకుండా మధ్యలో ఒక గుర్తు పెడతారు. తెర మీద దానికి రూపం లేదు, వెడల్పు లేదు. ప్రోగ్రాముకు మాత్రం అది నిక్షేపంగా కనిపిస్తుంది, లెక్క తప్పిస్తుంది. ఐత్వానిదీ ఇలాంటి చిక్కే. దాన్ని ఒకే గుర్తుగానూ దాచవచ్చు, ఎత్వం, దాని కింద చేరే భాగం అని రెండు గుర్తులుగానూ దాచవచ్చు. చూడటానికి తేడా ఉండదు. రెండు ‘కై’లు సమానమా అని అడిగితే కాదని జవాబు వస్తుంది. పోల్చే ముందు రెండింటినీ ఒకే రూపంలోకి తేవాలి. యూనికోడ్‌లో దానికి పద్ధతి ఉంది. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే వారంలో మరిచిపోయేవారు. ఒక సాయంత్రమంతా ఒకేలా కనిపించే రెండు మాటలను చూస్తూ కూర్చుని, చివరికి ఒక్కో గుర్తు సంఖ్యనూ అచ్చువేయించి కనిపెట్టినవారు మరిచిపోరు.

వృత్తపద్యాలు గుర్తుపట్టడం ఇక సులువు. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ అని 20 అక్షరాలు. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర అని 21. ఈ వరుసలను ఒక పట్టికలో పెట్టి పోల్చితే చాలు. ప్రోగ్రాము ఇప్పుడు నలుగురికీ చూపించేలా ఉంది. ఇంతలో తేటగీతి వస్తుంది. పట్టిక కుప్పకూలుతుంది.

తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. సూర్యగణం అంటే న, హ అని రెండింటిలో ఏదైనా కావచ్చు. ఇంద్రగణానికి నగ, నల, సల, భ, ర, త అని ఆరు అవకాశాలు. స్థిరమైన వరుస లేదు. కొత్తవారికి తట్టే ఉపాయం ఒకదానిలో ఒకటిగా ఐదు లూపులు పెట్టి అన్ని కలయికలూ ప్రయత్నించడం. రెండు, ఆరు, ఆరు, రెండు, రెండు గుణిస్తే పాదానికి 288 కలయికలు. నేటి కంప్యూటర్‌కు అది లెక్కలోకి రాని పని, ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది. ఇలా రాయడం తప్పు కూడా కాదు. సరైన జవాబిచ్చే మొరటు ప్రోగ్రాము, జవాబివ్వని సొగసైన ప్రోగ్రాముకన్నా ఎన్నో రెట్లు మెరుగు.

కానీ ఆ గణాలను కాగితం మీద గురులఘువులుగా రాసి కాసేపు చూస్తే ఒక విషయం మెరుస్తుంది. ఆరు ఇంద్రగణాల్లో గురువుతో మొదలయ్యేవన్నీ మూడక్షరాలవి, లఘువుతో మొదలయ్యేవన్నీ నాలుగక్షరాలవి. ఏ గణమూ మరో గణానికి మొదటి భాగంగా ఉండదు. సూర్యగణాల్లోనూ అంతే. కనుక ఎడమనుంచి కుడికి ఒక్కసారి చదువుకుంటూ పోతే ప్రతిచోటా సరిపోయే గణం మహా అయితే ఒక్కటే. వెనక్కి రావాల్సిన పనే లేదు. ఐదు లూపులు పోయి ఒకటే మిగులుతుంది. సమాచారాన్ని కుదించి దాచే సంకేతాల్లోనూ ఇదే గుణాన్ని వాడతారు. కంప్యూటర్ శాస్త్రం చదివినవారికి హఫ్‌మన్ సంకేతాల పాఠంలో అది ఎదురవుతుంది. తేటగీతిలో ముందే చూసినవారికి ఆ పాఠం పాత పరిచయంలా ఉంటుంది. కందం దగ్గరికి వెళ్తే అన్నీ నాలుగు మాత్రల (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) గణాలే కనుక మాత్రలు కూడుకుంటూ పోవడం చాలు. కాకపోతే బేసి స్థానంలో జగణం రాకూడదు, పద్యార్ధంలో ఆరో గణం జగణమో నలమో కావాలి అన్న నియమాలను పైనుంచి తగిలించాలి.

మూడు రకాల పద్యాలు వచ్చాక పాత కోడు ముద్దగా తయారవుతుంది. అక్షరాలు విడగొట్టే పని, గురులఘువులు తేల్చే పని, ఛందస్సు పోల్చే పని, తెర మీద చూపించే పని అన్నీ ఒకే ఫంక్షన్‌లో పెనవేసుకుని ఉంటాయి. కందాన్ని సరిచేస్తే ఉత్పలమాల చెడుతుంది. ఈ నొప్పి తెలిసినవారికే, ఒక్కో పనిని ఒక్కో ఫంక్షన్‌గా విడదీయమన్న సలహా ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. నిన్నటిదాకా పనిచేసినది ఇవాళ ఎందుకు చెడిందో తెలుసుకోవడానికి నిన్నటి రూపం కావాలి. కోడు పాత రూపాలను దాచి ఉంచే గిట్ అనే సాధనం అవసరం అప్పుడు తెలుస్తుంది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దాన్ని మొదలుపెట్టిందీ ఇలాంటి గట్టి అవసరం పడే, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్ర భాగమైన కెర్నల్‌లో వచ్చే మార్పులను సంభాళించడానికి. కొద్ది రోజులకే గిట్ తన కోడును తానే దాచుకునే స్థితికి వచ్చింది.

ఇదంతా చేసిన మనిషి తలలో మారేది ఏమిటి? దానికి చదరంగం నుంచి ఒక ఆధారం ఉంది. ఛేజ్, సైమన్ అనే పరిశోధకులు 1973లో చదరంగం ఆటగాళ్లకు బల్ల మీది పావుల స్థితిని కొన్ని క్షణాలు చూపించి, మళ్లీ పేర్చమన్నారు. నిజమైన ఆటలోని స్థితి అయితే ఆరితేరినవారు కొత్తవారికన్నా చాలా ఎక్కువ పావులను సరిగా పేర్చారు. పావులను చిందరవందరగా పెట్టి చూపిస్తే వారి ఆధిక్యం దాదాపు మాయమైంది. జ్ఞాపకశక్తి అందరిదీ ఒకటే. ఆరితేరినవారికి విడి పావులు కాక అమరికలు కనిపిస్తున్నాయి. 1981లో ప్రోగ్రామర్ల మీద జరిగిన ప్రయోగంలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది: వరుసలను తారుమారు చేసిన ప్రోగ్రామును గుర్తుపెట్టుకోవడంలో అనుభవజ్ఞులకూ కొత్తవారికీ పెద్ద తేడా లేదు. పద్యం వచ్చినవారు వేళ్ల మీద గణాలు లెక్కపెట్టరు, నడక చెవికి వినిపిస్తుంది. అనుభవం ఉన్న ప్రోగ్రామరుకు కోడు అలా కనిపిస్తుంది. ఆ చూపు వింటే వచ్చేది కాదు. ఎన్ని అమరికలను సొంతంగా కట్టి, కూల్చి, మళ్లీ కట్టారన్నదాన్నిబట్టి వస్తుంది.

అందుకే ప్రాజెక్టులను డబ్బిచ్చి కొనే అలవాటు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో తయారుగా ఉన్న ప్రాజెక్టును నివేదికతో సహా తెచ్చుకోవడం తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ కొత్త సంగతి కాదు. కొన్నవారిని నిందించి లాభం లేదు. వారికి ప్రాజెక్టు అంటే మార్కుల కోసం సమర్పించాల్సిన కాగితాల కట్టగానే పరిచయమైంది. అమీర్‌పేట శిక్షణ తరగతుల్లో శ్రద్ధగా చదివి ఉద్యోగాల్లో స్థిరపడినవారు వేలమంది. ఆ శ్రద్ధలో కొంత, తనకు నిజంగా కావాల్సిన ఒక చిన్న వస్తువు తయారుచేసుకోవడం మీద పెట్టి ఉంటే ఇంకెంత దూరం వెళ్లేవారో అనిపిస్తుంది. అద్దె లెక్కలు చూసుకునే ప్రోగ్రాము కావచ్చు, పాల ఖాతా కావచ్చు, ఊరి గ్రంథాలయానికి పుస్తకాల జాబితా కావచ్చు. వాడే మనిషి ఒకరు ఉండాలి, అంతే.

అడగగానే కోడు రాసిచ్చే కృత్రిమ మేధ సాధనాల విషయంలోనూ ఇదే కొలత వర్తిస్తుంది. గురులఘువుల ప్రోగ్రాము అడిగితే అవి అరనిమిషంలో ఇస్తాయి. అది అరసున్నను ఎలా చూసిందో, పొల్లును ఎక్కడ కలిపిందో అడగాలని తట్టాలంటే ఆ రెండు తప్పులూ ముందే చేసి ఉండాలి. మొదట తానే రాసి, తర్వాత తప్పులు చూపమని అడిగితే అవి మంచి గురువులవుతాయి. ఈ వరుస తిరగబడితే నేర్చుకునేవారికి మిగిలేది తక్కువ.

ప్రోగ్రామును ఇతరుల చేతిలో పెట్టాక మరో దశ మొదలవుతుంది. తెలుగు వికీసోర్స్ నుంచి పాత పద్యాలు తెచ్చి వేసేవారుంటారు. పద్యానికి బదులు వార్తను అతికించేవారుంటారు. ఒకరు పాదాలను విడివిడిగా ఇచ్చి, చివరి అక్షరం తప్పు చూపిస్తోందంటారు. చూస్తే వారిదే సరి: తెలుగు పద్యంలో మాట ఒక పాదం చివర విరిగి తర్వాతి పాదంలోకి పారుతుంది. ‘సత్యము’లోని ‘స’ పైపాదం చివర, ‘త్యము’ కింది పాదం మొదట ఉండవచ్చు. పాదం పాదంగా చదివే ప్రోగ్రాముకు కిందనున్న ‘త్య’ కనిపించదు, ‘స’ను లఘువంటుంది. రాసినవారు ఎన్నడూ ఊహించని సందర్భాలివి.

ఊహించకపోవడం కొత్తవారికే పరిమితమైన లోపం కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరపు ఒక ప్రత్యేక రూపం సందేశంగా వస్తే ఐఫోన్‌లలో యాప్‌లు కుప్పకూలాయి. ఇందాకటి కనిపించని గుర్తే, ‘ఞ’ ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య చేరడం ఆ వరుసలో ప్రత్యేకత. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిదిద్దింది. ఇంకో ఉదాహరణ: పాఠాల్లో మొదట చెప్పే ద్విభాజన అన్వేషణ, అంటే క్రమంలో ఉన్న జాబితాను సగం సగం చేసుకుంటూ వెతకడం. జావా ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే తయారు కోడు సంచయంలో (లైబ్రరీలో) దాన్ని రాసిన జాషువా బ్లాక్, అందులో తప్పు ఉందని 2006లో స్వయంగా ప్రకటించారు. దాదాపు తొమ్మిదేళ్లు అది ఎవరి కంటా పడలేదు. మధ్యస్థానం కోసం రెండు స్థానాలు కూడినప్పుడు మొత్తం 214 కోట్లు దాటితే సంఖ్య రుణాత్మకంగా మారిపోతుంది. జాబితాలు అంత పెద్దవి కానంతకాలం ఆ తప్పు నిద్రపోయింది. ఇలాంటి తప్పుల కథలను, వాటిని సరిదిద్దిన మార్పులను చదవడం గొప్ప చదువు. పదిమంది వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఒక చిన్న దోషాన్ని ఎంచుకుని, ఇతరుల కోడులో దారి వెతుక్కుంటూ దాని మూలం దాకా వెళ్తే, సొంత ప్రోగ్రాము ఒక్కటే ఎన్నటికీ నేర్పలేనిది తెలుస్తుంది: తనలా ఆలోచించని మనిషి రాసినదాన్ని ఓపికగా చదవడం.

ఛందస్సు ప్రోగ్రాముకు ఇంకొక చిక్కుముడి మిగిలి ఉంది. ‘రాజప్రియ’ సంస్కృత సమాసం, కనుక ‘ప్రి’ ముందున్న ‘జ’ గురువు. ‘మన ప్రభువు’ అన్నప్పుడు రెండూ వేరు పదాలు, ‘న’ లఘువుగానే ఉంటుంది. పదాల మధ్య ఖాళీ ఉందో లేదో చూస్తే సరిపోతుందనిపిస్తుంది, కానీ పాత ముద్రణల్లో పదాలన్నీ కలిపి ‘మనప్రభువు’ అనే వేస్తారు. ఏది సమాసమో ఏది కాదో తేల్చడానికి గురులఘువుల నియమాలు చాలవు, భాష తెలియాలి. నిఘంటువు జతచేయవచ్చు, అది సగం దూరమే వస్తుంది. ఆ అక్షరాన్ని రెండు విధాలా లెక్కపెట్టి, దేనితో పాదం ఛందస్సులో ఒదుగుతుందో చూడవచ్చు. దాంతోనూ తేలకపోతే ప్రోగ్రాము ఏదో ఒకటి తేల్చేయకుండా, ఆ అక్షరాన్ని వేరే రంగులో చూపించి, పద్యం ముందు కూర్చున్న మనిషినే అడుగుతుంది: ఇక్కడ పదం విరుగుతోందా, లేదా?